రాసినవాళ్లే సంతకం పెట్టాలి

మొన్న సోమవారం పొద్దున్న పనమ్మాయి రాలేదన్న చికాకులో అంట్లన్నీ నేనే తోముకుని, చల్లారిపోయిన కాఫీ మళ్లీ వేడి పెట్టుకుని కూర్చుని ఫోను తెరిచేసరికి ఒక మెయిల్ వచ్చి ఉంది. ఫలానా డ్రైవరును ఎవరూ వాడుతున్నట్టు కనబడడం లేదు కాబట్టి తీసేయబోతున్నామనీ, ఆ ఫైలు చరిత్రలో నా పేరు ఉంది కాబట్టి నాకు తెలియజేస్తున్నామనీ, అభ్యంతరాలుంటే చెప్పవచ్చుననీ దాని సారాంశం. చివర మనిషి పేరు లేదు, పంపింది ఒక ప్రోగ్రాము. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఫైల్లో నావి నాలుగంటే నాలుగే లైన్లు, కానీ ఆ నాలుగు లైన్ల కోసం నేను ఎంతమంది చేత ఎన్ని మాటలు పడ్డానో ఆ ప్రోగ్రాముకేం తెలుసు?

నా వయసు వాళ్లకి చెబుతున్నాను కాబట్టి కాస్త వెనక్కి వెళ్లి చెప్పాలి. డ్రైవరంటే లారీ నడిపేవాడు కాదు, కంప్యూటరుకీ దానికి తగిలించిన తీగకీ మధ్య మాటలు మోసే చిన్న ప్రోగ్రాము. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్సు డిప్లమా చదివి అనకాపల్లి కోడలినయ్యాను. మా మావగారికి బెల్లం మార్కెట్టు వైపు పోయే రోడ్డు మీద వేబ్రిడ్జి ఉండేది. ఊళ్లో అందరూ దాన్ని కాటా అనే అనేవారు. సీజనులో చెరుకు ట్రాక్టర్లు, బెల్లం దిమ్మల లారీలు, అప్పుడప్పుడు పరవాడ వైపు నుంచి పాత ఇనుము బళ్లు వచ్చి ఆ ఇనప పళ్లెం మీదికి ఎక్కేవి. నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి తూచి, మీట నొక్కి చీటీ తీసి ఇవ్వడం నా పని. చదువుకున్న కోడలు ఊరికే ఎందుకు కూర్చోవాలని మావగారే నన్ను ఆ గదిలో కూర్చోబెట్టారు. జీతం బత్తెం లేని గుమస్తా దొరికితే ఎవరికి చేదు?

ఒక వానాకాలం పిడుగు పడి పాత కంప్యూటరు పోయింది. కొత్తదానికి తూకం పెట్టె తీగ తగిలించే కన్నమే లేదు. మా ఆడపడుచు గారి ఆయన, ఆయన్ని నేను అన్నయ్యగారనే పిలిచేదాన్ని, అప్పటికే కంప్యూటర్లు బాగుచేసే కొట్టు నడుపుతుండేవారు. విశాఖపట్నం వెళ్లి ఆ తీగని ఈ కన్నంలో పెట్టే ఒక మార్పిడి తీగ కొనుక్కొచ్చి, వైరసులు పట్టవని చెప్పి ఉచితంగా దొరికే ఓపెన్ సోర్సు సిస్టమ్ వేసి, అంతా సిద్ధమని మావగారి చేత కొబ్బరికాయ కొట్టించి వెళ్లిపోయారు.

పదిహేను రోజులు గడిచాయో లేదో గొడవ మొదలైంది. బండి వెనక బండి వెంటవెంటనే వచ్చినప్పుడు, రెండో బండికి మొదట వచ్చే చీటీలో ముందు వెళ్లిన బండి బరువు పడుతోంది. ఖాళీ ట్రాక్టరు ఎక్కితే నిండు ట్రాక్టరు బరువు, నిండుది ఎక్కితే ఖాళీదాని బరువు. మళ్లీ నొక్కితే సరైన బరువే వస్తుంది. నేను వెంటనే మావగారికి చెప్పాను. ఆయన నా వంక కూడా చూడలేదు.

“తప్పు నీ సేతిలో ఉంది గానీ మిషన్లో నేదు. రెండోపాలి నొక్కి ఇచ్చీ. మొదటిది సింపీసీ. ఎవులికీ సెప్పకు.”

అలాగే చేశాను. కాటా మీద మాట రాకూడదని ఆయన ఉద్దేశం. కానీ కిటికీ అవతల నిలబడ్డ మనిషికి కనిపించేదేమిటి? లోపల కూర్చున్న ఆడమనిషి ఒక చీటీ తీసి, చూసి, చింపి బుట్టలో పడేసి, ఇంకో చీటీ తీసి చేతిలో పెడుతోంది. నాతవరం నుంచి చెరుకు తోలే రైతు ఒకాయన ఉండేవాడు, మాట కరుకు, గొంతు అంతకన్నా కరుకు. ఆయన ఒకనాడు నలుగురిలో కిటికీ చువ్వ పట్టుకుని అడిగేశాడు.

“ఏటమ్మా, ఆ సీటీ ఎందుకు సింపేసేవు? నచ్చిన బరువు వచ్చీవరకూ నొక్కుతావేటి?”

ఆ మాట సాయంత్రానికి బెల్లం యార్డు దాకా పాకింది. కాటా వాళ్ల కోడలు తూకంలో చెయ్యి పెడుతోందన్నారు. మీట మీద ఉన్నది నా వేలు కాబట్టి దొంగతనమూ నాదే అయింది. మా మావగారు బయట జనంతో మా కోడలికి చేతకాదండీ అని చెప్పుకుని కాటాని కాపాడుకున్నారు. దొంగని కాదన్నందుకు సంతోషించాలో, చేతకానిదాన్ని అన్నందుకు ఏడవాలో నాకు తెలియలేదు. ఇంట్లో మా అత్తగారు కంచం పెట్టేటప్పుడు కూడా చప్పుడు చేసి పెట్టేవారు.

నా చేతిలో తప్పు లేదని రుజువు చేసుకోవాలన్న పంతం నాకు అప్పుడే పుట్టింది. ఆ సిస్టమ్‌లో గొప్ప ఏమిటంటే దాని లోపలి రాత అంతా ఎవరైనా చదువుకోవచ్చు. నేను ఆ తీగ డ్రైవరు తెరిచి, వారాల తరబడి, మధ్యాహ్నం బళ్లు లేని వేళల్లో లైను తరవాత లైను చదివాను. సగం అర్థమయ్యేది కాదు, పాత పాఠ్యపుస్తకాలు అటక మీద నుంచి దింపుకుని మళ్లీ చదివేదాన్ని. చివరికి దొరికింది. తీగని మూసి మళ్లీ తెరిచినప్పుడు, ముందు బండి తాలూకు అంకెలు లోపల ఎక్కడో మిగిలిపోయి ఉంటే వాటిని పారబోయకుండా అవే మొదట బయటికి పంపుతోంది డ్రైవరు. పాత అంకెలు పారబోయమని చెప్పే నాలుగు లైన్లు రాసి పెట్టాను. ఆ రోజు నుంచి మొదటి చీటీయే సరిగ్గా వచ్చింది.

అంతటితో కథ అయిపోవాలి కదా? కాలేదు. కొన్నాళ్లకి అన్నయ్యగారు వచ్చి సిస్టమ్‌కి కొత్త సరుకు, అంటే అప్‌డేటు, వేసి వెళ్లగానే, నా నాలుగు లైన్లూ ఎగిరిపోయి పాత తప్పు మళ్లీ వచ్చి కూర్చుంది. చూశావా, మొన్నటిదాకా బాగుంది, నువ్వే ఏదో నొక్కావు, ఇక దాని లోపల చెయ్యి పెట్టకన్నారు మావగారు. అసలు డ్రైవరు తయారయ్యే చోటే నా లైన్లు చేర్పిస్తే తప్ప ఇది వదలదని అన్నయ్యగారు చెప్పి, దానికి ప్యాచ్ పంపించాలన్నారు. ప్యాచ్ అంటే ఈ లైను కొట్టేయండి, ఈ లైను చేర్చండి అని తీసివేత గుర్తులతో కూడిక గుర్తులతో రాసి పంపే చిన్న కాగితం లాంటిది. దాన్ని ఆ డ్రైవరు చూసుకునే పెద్దమనిషి చదివి ఒప్పుకుంటే, ప్రపంచంలో ఆ తీగ వాడే ప్రతి ఒక్కరికీ ఆ దిద్దుబాటు వెళుతుంది.

ఎలా పంపాలో నియమాలు పెద్ద పత్రంలో రాసి ఉంచారు. అందరూ చదివే మెయిల్ జాబితాకి పంపాలని అందులో మొదటే ఉంది. నేను చదివాను. చదివి కూడా ఆ పెద్దమనిషికి ఒక్కడికే విడిగా పంపాను. మన వైపు పెద్దవాడి తప్పు నలుగురిలో చెబుతామా? పెరట్లోకి పిలిచి, నెమ్మదిగా, ఆయనే కనిపెట్టినట్టు తోచేలా చెబుతాం. అలాగే గౌరవనీయులైన అయ్యగారికి అని మొదలుపెట్టి, తమ పనితనం చూసి ధన్యురాలినయ్యానని రెండు వాక్యాలు రాసి, చివర్లో తమకు తీరికగా ఉన్నప్పుడు ఈ చిన్న విషయం గమనించగలరని ప్యాచ్‌ని జిప్పు చేసి జతపరిచాను. మెయిల్ మాత్రం మా ఆయన పేరు మీద ఉన్నది. ఇంటికంతటికీ ఉన్నది అదొక్కటే.

ఆ మనిషి ఏ దేశం వాడో ఇప్పటికీ నాకు తెలియదు. నా ఉత్తరాన్ని మొత్తం, గౌరవనీయులతో సహా, అందరూ చదివే జాబితాలో పెట్టి కింద ఒక్కో వాక్యానికీ ఉతికి ఆరేశాడు. నాకు విడిగా ఎందుకు రాశారు, నేనేమన్నా మీ రహస్యాలు దాచే పెట్టెనా అన్నాడు. నా డ్రైవర్లో తప్పుంటే అది వాడేవాళ్లందరికీ తెలియాలి, మూలకి పిలిచి చెప్పేవాళ్లతో నాకు పని లేదన్నాడు. పొగడ్తలు చదవడానికి తీరిక లేదనీ, జతపరిచినవి తెరవననీ, నియమాలు చదవడం రాకపోతే కోడు రాయడం ఎలా వచ్చిందనీ అన్నాడు. పత్రికలో పెళ్లి ప్రకటన పక్కన మన మీద తిట్లు వేసినట్టు అయింది నాకు. మా ఆయనకి ఇంగ్లీషు బాగా వచ్చు, చదివి మొహం గంటు పెట్టుకుని, నా పేరు మీద ఇవన్నీ ఎందుకు పడనిస్తున్నావని అడిగి చొక్కా వేసుకుని బయటికి పోయారు.

రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ మనిషిని నేను తిట్టని తిట్టు లేదు, తెలుగులో, వంటింట్లో, పోపు వేస్తూ. కానీ మూడో నాడు గదిలో కూర్చుని ఒక చీటీ చింపుతూ ఉంటే చెయ్యి ఆగిపోయింది. నాతవరం రైతు అడిగిందీ అదే. చాటుగా ఎందుకు చేస్తున్నావు, నలుగురిలో ఎందుకు చెప్పవు? ఆ పరాయి దేశపు నోటి దురుసువాడూ, ఈ చెరుకు రైతూ ఒక్క మాటే అడుగుతున్నారు.

ఆ మధ్యాహ్నమే కంప్యూటరు తెరని కిటికీ వైపు తిప్పేశాను. కిటికీ అవతల ఉన్నవాళ్లకి గట్టిగా చెప్పాను, ఇందులో తప్పుందనీ, మొదటి చీటీలో ముందు బండి బరువు వస్తోందనీ, కావాలంటే మీరే చూసుకోమనీ. ఆనాటి నుంచి రెండు చీటీలూ బండివాడి చేతిలోనే పెట్టాను. జనం శాంతించారని అనుకోకండి. అయితే ఇన్నాళ్లూ దాచారన్నమాట అన్నారు. నాతవరం ఆయనైతే పాత చీటీల సంగతేమిటని ఇంటి దాకా వచ్చి అరిచాడు. మావగారు ఆయనకి ఏం సర్దిచెప్పుకున్నారో గానీ, నాతో మాత్రం మాట్లాడడం మానేశారు. ఏదన్నా చెప్పవలసి వస్తే గోడతో చెప్పేవారు. ఇంటి గుట్టు రోడ్డున పెట్టిందట కోడలు.

ప్యాచ్ మళ్లీ పంపాను, ఈసారి అందరి ముందూ. ఆ మనిషి నన్ను వదిలిపెట్టలేదు. మెయిలు దారిలో అక్షరాల మధ్య ఖాళీలు చెదిరిపోయాయి, ఇది అతకదు, పంపేముందు నీకు నువ్వే పంపుకుని అతికించి చూసుకోమన్నాడు. చూసుకుని పంపాను. నాలుగు లైన్లతో పాటు పక్కనున్న ఇంకేదో కూడా సర్దావు, ఒక ప్యాచ్‌లో ఒకటే పని ఉండాలి, రెండోది తీసేయమన్నాడు. తీసేసి పంపాను. తప్పు దిద్దాను అని రాస్తే సరిపోదు, ఎవరికి ఏం జరుగుతుంటే దిద్దావో రాయమన్నాడు. అప్పుడు రాశాను. ఒక వేబ్రిడ్జి మీదికి చెరుకు నిండిన ట్రాక్టరు ఎక్కి దిగిందనీ, వెనకే ఖాళీ ట్రాక్టరు ఎక్కితే దానికి నిండు ట్రాక్టరు బరువు చీటీ వచ్చిందనీ, చీటీ ఇచ్చే మనిషిని జనం దొంగ అన్నారనీ రాశాను. చివరి ముక్క అనవసరం, తెలిసే రాశాను. ఆ ముక్క ఒక్కటీ ఆయన తీసేయమనలేదు.

ఆయన ఒక్కో జవాబు కోసం నేను ఎదురుచూడాలి. తొందరపెట్టకూడదన్నది అక్కడి మర్యాద. టెలిఫోను తీగ మీదే ఇంటర్నెట్టు రావాలి కాబట్టి నేను కనెక్షను పెట్టిన కాసేపూ ఫోను మోగేది కాదు, ఆ కాసేపట్లోనే యార్డు నుంచి ఫోన్లు వచ్చి ఉంటాయని మావగారు గోడతో గట్టిగా అనేవారు.

ఇక ఒప్పుకుంటాడనుకున్న సమయానికి మళ్లీ ఒకటి అడిగాడు. ప్యాచ్ కింద ఇది నేను రాశాను, ఇవ్వడానికి నాకు హక్కుంది అని రాసినవాళ్లు పూర్తి పేరుతో సంతకం లాంటి లైను ఒకటి పెట్టాలి. నేను మా ఆయన పేరు పెట్టాను, మెయిల్ ఆయనదే కదా. కానీ అంతకు ముందు ఒక జవాబులో, ఈ మెయిల్ మా ఆయనది, నేను చూసుకోవడం ఆలస్యమైంది, క్షమించండి అని రాసి ఉన్నాను. ఆ మనిషికి అది గుర్తుంది. ఇది అసలు ఎవరు రాశారు, రాసినవాళ్లే సంతకం పెట్టాలి, అద్దెకి తెచ్చిన పేర్లు నాకొద్దు అన్నాడు, అదే దురుసు గొంతుతో.

అది మా ఆయన భోజనాల దగ్గర నవ్వుతూ చెప్పారు. అప్పుడు మావగారు ఇన్నాళ్ల తరవాత గోడతో కాకుండా నాతో మాట్లాడారు.

“కాటా మాది. పేరు మావోడిదే ఉంటాది. ఆడకూతురి పేరు ఊళ్ల మీద ఎందుకు?”

నా చేతిలో పప్పు గిన్నె ఉంది. అది కింద పెట్టి చెప్పాను.

“తప్పు జరిగినపుడు నా పేరే సెప్పేరు కదా మావయ్యా. ఇప్పుడూ అదే ఉంటాది.”

మా ఆయన తల దించుకుని తిన్నారు. అత్తగారు మజ్జిగ పోయడానికి లేచి నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు, ఆవిడ నా పక్క వహించారో, నన్ను ఆపడానికి వచ్చారో ఇప్పటికీ తేల్చుకోలేదు. మర్నాడు నా పేరుతో కొత్త మెయిల్ తెరిచి, ఇంటిపేరుతో సహా నా పేరు పెట్టి పంపాను. కొన్ని వారాలకి ఒక్క మాట వచ్చింది, తీసుకున్నాను అని. బాగుంది అని లేదు, కృతజ్ఞతలు అని లేదు. ఆ ఒక్క మాట నేను ఎన్నిసార్లు చదువుకున్నానో చెబితే నవ్వుతారు.

ఆ తరవాతి సీజనుకి అన్నయ్యగారు వచ్చి సిస్టమ్‌కి కొత్త సరుకు వేస్తుంటే నేను పక్కనే నిలబడి గోళ్లు కొరుక్కున్నాను. మొదటి రోజే నిండు ట్రాక్టరు వెనక నాతవరం ఆయన ఖాళీ ట్రాక్టరు ఎక్కింది. ఒక్క చీటీ తీసి చేతిలో పెట్టాను. ఆయన తెర చూసి, చీటీ చూసి, రెండోది ఏదన్నట్టు చెయ్యి చాపాడు. అక్కర్లేదు, బాగుచేశాను అన్నాను. ఎవరు బాగుచేశారని అడగలేదు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని ట్రాక్టరు ఎక్కి వెళ్లిపోయాడు. మావగారు యార్డులో మిషన్లో తప్పుంటే మావోళ్లు సరిచేయించారని చెప్పుకున్నారు. మావోళ్లంటే ఎవరో ఎవరూ ఆరా తీయలేదు. ఆయన పోయేదాకా కూడా నా పేరు ఆయన నోట రాలేదు.

ఇప్పుడు ఆ కాటా లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పళ్లెం పీకేశారు, ఆ గది ఉన్న చోట టైర్ల కొట్టు ఉంది. సబ్బవరం దారిలో కెమెరాలున్న పెద్ద వేబ్రిడ్జిలు వచ్చాయి, చీటీ ఫోనుకే పోతుంది, కిటికీ అవతల నిలబడి పోట్లాడవలసిన అవసరం ఎవరికీ లేదు. ఆ తీగలూ ఇప్పుడు ఎవరూ కొనరు. ప్రోగ్రాము చెప్పింది నిజమే కావచ్చు.

అయినా నాకు కోపం ఆగలేదు. ఆ తీసివేత ప్యాచ్ తెరిచి చదివాను. ఎవరు చూశారు, ఎక్కడ వెతికారు, వాడేవాళ్లు లేరని ఎలా తేలింది, ఒక్క ముక్క లేదు. అందరూ చదివే జాబితాకే, ఆ నోటి దురుసువాడు నేర్పిన పద్ధతిలోనే, ఒక్కో వాక్యం కిందా నా మాట పెట్టి, మీరు వెతక్కుండా రాశారు, కారణం లేకుండా లైను తీసేయడానికి ఇది మీ అత్తారిల్లు కాదు, ఇది ఎవరు రాశారో సంతకం ఏది అని దులిపేశాను. నిమిషం గడవక ముందే జవాబు వచ్చింది. మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు, మీ సహకారం మాకెంతో ముఖ్యం అని. అదీ ప్రోగ్రామే.

విశాఖపట్నంలో ఉద్యోగం చేసే మా చెల్లెలి కూతురికి ఇది చెబితే, ఇప్పుడు అలా తిట్టడానికి వీల్లేదు పెద్దమ్మా, మర్యాదకి నియమాలు పెట్టారు అంది. మంచిదే, దాని వయసు పిల్లలు వంటింట్లో కళ్లు తుడుచుకోనక్కర్లేదు. అదే పిల్ల కిందటేడు కష్టపడి ఒక దిద్దుబాటు పంపిస్తే, నెలలు గడిచాక, ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి మూసివేస్తున్నామని ఒక ప్రోగ్రాము ధన్యవాదాలు చెప్పి మూసేసింది. తప్పుందని కూడా ఎవరూ అనలేదు పెద్దమ్మా అని అది ముఖం చిన్నబుచ్చుకుంది.

ఆ పాత మనిషి పేరు జాబితాలో వెతికాను. చాలా ఏళ్లుగా ఆయన ఉత్తరం లేదు, మానేశాడో, పోయాడో తెలియదు. ఆయన్ని నేను క్షమించలేదు, ఎదురుపడితే నాలుగు దులపాలనే ఉంది. కానీ పుట్టింటా, అత్తింటా, యార్డులోనా ఇన్నేళ్లలో నేను చేసిన పని చూసి, ఇది ఎవరు రాశారు, రాసినవాళ్ల పేరే ఉండాలి అని గొంతు చించుకున్నది ఆ నోటి దురుసువాడు ఒక్కడే.